బొట్టు పెట్టిన తుక్కు

చంద్రమౌళి బాబుకి సిగ్గు లేదని నేనంటే మా ఊళ్ళో కొందరికి కోపం వస్తుంది. ఉందనేవాళ్ళు ఒక్కసారి నాకు చూపిస్తే బాగుండును. పలాసలో ఆయన జీడిపప్పు కార్ఖానాలో నేను పెళ్ళయిన ఏడాదే చేరాను, ఇప్పుడు నా కూతురు ఇంటర్ చదువుతోంది. ఇన్నాళ్ళలో నాకైతే ఎక్కడా కనబడలేదు.

నా పేరు గౌరీశ్వరి. మాది సుమ్మాదేవి పక్క ఊరు. నాది కటింగు పని. ఉడకబెట్టి ఆరబెట్టిన జీడిపిక్కను బల్ల మీది కత్తుల మధ్య పెట్టి, కాలితో మీట తొక్కి, పెంకు పగలగొట్టి, లోపలి పప్పు విరక్కుండా తీయాలి. పెంకులోని జీడి రసం తగిలితే చర్మం కాలుతుంది. ఆముదం రాసుకునే కూర్చుంటాం, అయినా నల్లబడిపోయిన మా వేళ్ళు చూసి బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు జరుగుతారు. జరగనీ, నాకేం! ఆ వేళ్ళతోనే నా ఇల్లు నడుస్తోంది. నా పెనిమిటి చెన్నైకి కూలికి పోయాడు. ఆయన సంపాదన ఆయన ఫోనుకీ బీడీలకీ సరిపోతే అదే గొప్ప. ఈ పని పోతే నా కూతురు చదువు మానాలి, మేమిద్దరం మూట కట్టుకుని చెన్నై రైలెక్కాలి. నా సంగతి ఇంతే, దాచడానికేం లేదు.

అలాంటి పనిని ఒక శనివారం సాయంత్రం ఆయన ఒక్క మాటతో తీసేశాడు. అదీ చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటూ.

"సోమవారం నుంచి కటింగు ఆడోళ్ళు రానక్కర్నేదు. మిషన్లు తిప్పేత్తన్నాం."

అందరిలోకీ పెద్దది పెద్దతల్లి. ఆయన తండ్రి రోజుల నుంచీ ఆ బల్ల ముందే ఉంది. అది లేచి నిలబడి అడిగింది. "మరి మా సంగతేటి బాబూ?"

"మీ సంగతి నన్నడిగితే నానేటి సెప్తాను? ఇళ్ళల్లో పనుల్నేవా మీకు?" అని కారెక్కిపోయాడు. ఆ మాట అనడానికి ఆయన గొంతైనా తడబడలేదు. తుమ్మినంత సుళువుగా అనేశాడు.

ఆ మిషన్ల కథ చెప్పాలి. చంద్రమౌళి బాబుకి మనోహర్ అని ఒక కొడుకున్నాడు. బెంగుళూరులో ఏదో బిజినెస్ చదువు చదివి వచ్చాడు. ఆ చదువులో ఏం నేర్పారో గానీ, మనిషిని చూసి పలకరించడం మాత్రం నేర్పలేదు. వియత్నాంలో ఎవరో వాడి వదిలేసిన కటింగు మిషన్లు చవగ్గా వస్తున్నాయని బేరం చేశాడు. మిషను అని చెప్పి దింపితే సుంకం ఎక్కువట, పాత మిషనుకైతే వేరే అనుమతి కూడా కావాలట. అందుకని కాగితాల్లో ఇనుప తుక్కు అని రాయించాడు. కంటైనర్లో ముందు వరసలో తుప్పు పట్టిన రాడ్లు, విరిగిన పైపులు. వాటి వెనకాల మిషన్లు. ఇదంతా ముక్కలు చేయించి కరిగించే ఫర్నేసుకి పంపిస్తామని కస్టమ్స్ వాళ్ళకి తండ్రీకొడుకులిద్దరూ సంతకాలు పెట్టి ఇచ్చారు.

ఇవన్నీ నాకెలా తెలుసని అడుగుతారేమో. మనోహరే మా ముందు గొప్పలు పోయాడు. "పోర్టులో తుక్కు, పలాసలో మిషను! అదీ బ్రెయిను అంటే, నాన్నా!" అని తండ్రి భుజం తట్టాడు. పక్కన ఇంతమంది ఆడవాళ్ళం పిక్కలు కొడుతున్నామన్న జంకే లేదు. మేం మనుషులమని తెలిస్తే కదా జంకడానికి.

అంత బ్రెయినున్నవాడు గుట్టుగా ఉండాలా వద్దా? ఉందామనే అనుకున్నాడు పాపం. తండ్రి ఉండనివ్వలేదు.

"పూజ సెయ్యకుండా మన గుమ్మంలోకి మిక్సీ కూడా రానేదు. ఇంత మిషను ఉత్తినే తిప్పేత్తావేటిరా? ఏటైనా అయితే?" అన్నాడు చంద్రమౌళి బాబు.

ఇంకేముంది. గురువారం పంతులు వచ్చాడు. గేటుకి మామిడి తోరణాలు, మిషన్లకి మల్లెదండలు. ప్రతి మిషను నుదుట, అంటే పిక్కలు పోసే గరాటు కింద, పసుపుతో శ్రీ రాసి, నూనెలో కలిపిన కుంకంతో ఇంతేసి బొట్లు పెట్టారు. కొబ్బరికాయలు కొట్టారు, నిమ్మకాయలు తొక్కించారు. గేటు పక్కన తండ్రీకొడుకులు దణ్ణాలు పెడుతున్న ఫ్లెక్సీ. దాని మీద 'అధునాతన కటింగ్ యంత్రాల ప్రారంభోత్సవం' అని బస్తా అంతేసి అక్షరాలు. రిబ్బను కత్తిరించడానికి ఒక నాయకుణ్ణి కూడా పిలిచారు. ఆయన పేరు చెప్పను, చెప్పినా మీకు తెలియదు. రిబ్బను కట్టారంటే చాలు కత్తెర వెతుక్కుంటూ వచ్చేవాడు ఏ మండలంలోనైనా ఒకడుంటాడు. మిషను స్విచ్చి వేస్తే గడగడా తిరిగింది, పెంకులు ఒక పక్కకీ పప్పు ఒక పక్కకీ పడ్డాయి. మమ్మల్ని వరసగా నిలబెట్టి చప్పట్లు కొట్టమన్నారు. కొట్టాం. తలా ఒక లడ్డూ పెట్టారు, తిన్నాం. మా పని పోతోందని ఆరోజు ఒక్కరూ చెప్పలేదు. శనివారం ఆ మాట విన్నాక ఆ లడ్డూ తలుచుకుంటే నా ఒళ్ళు మండిపోయింది.

ఆ ఫోటోలన్నీ మనోహర్ తన ఫోను స్టేటస్‌లో తనే పెట్టుకున్నాడు! ఎవరు చూశారో, ఎవరికి పంపారో మాకు తెలియదు. ఆదివారం విశాఖ నుంచి వాళ్ళ క్లియరింగ్ ఏజెంటు ఫోను చేశాడు. మీరు దింపిన తుక్కు ముక్కలు చేశారో లేదో చూడ్డానికి రేపు కస్టమ్స్ వాళ్ళు వస్తున్నారని చెప్పాడు.

సోమవారం తెల్లారేసరికి మా ఊరికి ఆటోలు వచ్చాయి. ఇన్నేళ్ళలో వర్షమొచ్చినా తుఫానొచ్చినా ఆయన మాకోసం ఆటో పంపిన పాపాన పోలేదు. పని మళ్ళీ ఇస్తున్నాడేమోనని నేను జడైనా సరిగ్గా వేసుకోకుండా ఎక్కాను. దారి పొడుగునా దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. ఆశ పడ్డందుకు నా మీద నాకే అసహ్యం వేసింది, ఆయన నోరు విప్పాక.

"ఇదిగో, ఆఫీసర్లు ఒస్తన్నారు. మిమ్మల్నేటైనా అడిగితే ఇయి తుక్కు అని సెప్పండి," అన్నాడు చంద్రమౌళి బాబు. "తుప్పట్టిపోయినాయి, ఎప్పుడూ తిరగనేదు, ఫర్నేసుకి పోవాలి. ఏటి, సెప్పండి!"

ఒకటో తరగతి పిల్లల్లాగ మా చేత వల్లె వేయించాడు. మా కడుపు కొట్టిన మిషన్ల కోసం మేమే అబద్ధం ఆడాలి. అడగడానికి నోరెలా వచ్చిందో ఆ మనిషికి!

"మరి మాకు పనుంటాదా బాబూ?" అన్నాను.

"ముందిది గడవనీయే. తరవాత సూద్దాం."

పెద్దవాళ్ళు తరవాత చూద్దామంటే ఏమిటో మాకు తెలియంది కాదు. తుఫానుకి మా కొబ్బరిచెట్లు కూలిపోయినప్పుడు కూడా అందరూ అదే అన్నారు. సరేనని మా బల్లల ముందు కూర్చున్నాం.

అప్పటికే ఫ్లెక్సీ విప్పేశారు. మిషన్లకున్న మోటార్లు ఊడదీసి పెంకుల కుప్ప కింద కప్పెట్టారు. దండలు తీసేశారు. మిగిలింది బొట్లు. కుంకం నూనెలో కలిపి పెట్టారేమో, అతుక్కుపోయి ఎర్రగా మెరుస్తున్నాయి.

"పెద్దతల్లీ, గుడ్డా కిరసనాయిలూ అట్టుకుని బేగి తుడిసెయ్," అన్నాడు చంద్రమౌళి బాబు.

పెద్దతల్లి కదల్లేదు. "పెట్టిన బొట్టు నాను తుడవను బాబూ. బొట్టు ఎప్పుడు తుడుత్తారో మీకు తెల్దా?"

"ఒసే, అది మిషనే!"

"పొద్దున్న తుక్కన్నారు కదా బాబూ," అంది పెద్దతల్లి.

ఆయన నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. మిగతావాళ్ళు గబగబా పిక్కల్లోకి తల దించేసుకున్నారు. అప్పుడు ఇంటికి ఫోను చేసి భార్యని రమ్మన్నాడు. ఫోనులోంచి ఆవిడ తిట్లు మా బల్లల దాకా వినిపించాయి. పూజ చేసిన చేత్తో బొట్టు తుడవమనడానికి ఈయనకి మతిపోయిందా అని అడుగుతోంది. ఇక మిగిలింది కొడుకు. పంతులు మంత్రాలు చదువుతున్నంతసేపూ ఫోను నొక్కుకుంటూ నవ్వినవాడు, గుడ్డ పట్టుకుని మిషను దాకా వెళ్ళి ఆగిపోయాడు.

"అమ్మ తిడతాది నాన్నా. నువ్వే తుడువు."

చంద్రమౌళి బాబు గుడ్డ లాక్కున్నాడు. చెప్పులు విడిచాడు. చెప్పులు ఎందుకు విడిచాడో నాకిప్పటికీ తెలియదు. మిషను ముందు నిలబడి, చెయ్యెత్తి, దించి, చెమట తుడుచుకుని వెనక్కొచ్చేశాడు. సర్కారుకి దొంగ కాగితం రాసివ్వడానికి లేని భయం, ఇంతమంది నోటి దగ్గర కూడు తీయడానికి లేని భయం, ఇంత కుంకాన్ని చూస్తే వచ్చింది! చివరికి గోనెపట్టాలు తెప్పించి మిషన్ల మీద కప్పించాడు. అదే తెలివి అనుకున్నాడు.

అధికారులు పదకొండింటికి వచ్చారు. ఇద్దరు మగవాళ్ళు, వాళ్ళకి పైఅధికారి సుష్మ అనే ఆవిడ. జీడి ఘాటుకి ముక్కు దగ్గర రుమాలు పెట్టుకుంది గానీ, ఆఫీసు గదిలో కూర్చోమంటే కూర్చోలేదు, కూల్‌డ్రింకు ముట్టలేదు. తిన్నగా గోనెపట్టాల దగ్గరికి వెళ్ళి ఒకటి లాగింది.

"ఏమిటిది?"

"తుక్కండి మేడమ్," అన్నాడు చంద్రమౌళి బాబు.

"తుక్కుకి బొట్టు పెట్టారా?"

"మాది భక్తి గల కుటుంబమండి. ఇంట్లోకి ఏదొచ్చినా బొట్టెట్టుకుంతామండి."

ఆవిడ గోడవారగా పడి ఉన్న తుప్పు రాడ్ల వైపు చూపించింది. "మరి వాటికి పెట్టలేదే? అవీ ఇదే కంటైనర్లో వచ్చాయి కదా?"

మా ఆడవాళ్ళలో ఎవరికో నవ్వాగక దగ్గింది. చంద్రమౌళి బాబు రాడ్ల వైపు చూశాడు, కొడుకు వైపు చూశాడు. కొడుకు పైకప్పు వైపు చూస్తున్నాడు.

సుష్మ గారు గొంతు పెంచకుండానే చెప్పింది. "చూడండి చంద్రమౌళి గారూ. మిషను పాతదైనంత మాత్రాన తుక్కైపోదు. విరిగో, అరిగో, ముక్కలైపోయో ఇక మిషనుగా పనికిరాదని తేలితేనే తుక్కు. ఇది పనిచేసేదైతే మీరు తప్పుడు పేరు చెప్పి దింపినట్టు. ఇవన్నీ జప్తు చేస్తాను, ఈ షెడ్డుకి సీలు వేస్తాను, మీ ఇద్దరూ నాతో విశాఖ రావాలి. కాదు, నిజంగా తుక్కే అంటారా? ముక్కలు చేయిస్తామని సంతకం పెట్టారు కాబట్టి ఈరోజు నా ముందు చేయించండి. చూసి, రాసుకుని వెళ్ళిపోతాను. ఏదో ఒకటి చెప్పండి."

"తుక్కేనండి," అన్నాడాయన. "రేపు కోయించేత్తామండి."

"ఈరోజే."

"గ్యాసు కట్టరోడు దొరకడండి ఇప్పుడు."

"వచ్చే దారిలో కాశీబుగ్గ రోడ్డు మీద బోర్డు చూశాం. మావాళ్ళు పిలుచుకొస్తారు," అని ఆవిడ మా వైపు తిరిగింది. నేను మొదటి బల్ల దగ్గర ఉన్నాను. "ఏమ్మా, మీరిక్కడే పనిచేస్తారా? ఈ మిషను తిరగడం ఎప్పుడైనా చూశారా?"

చూశాను. చప్పట్లు కూడా కొట్టాను.

చంద్రమౌళి బాబు ఆవిడ వెనకాల నిలబడి కళ్ళు ఎగరేస్తున్నాడు, పెదాలు కొరుకుతున్నాడు, చెయ్యి ఇలా అలా ఊపుతున్నాడు. పొద్దున్న మాకు నేర్పిన అబద్ధం చెప్పమంటున్నాడో, వద్దంటున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు. నిజం చెబితే షెడ్డుకి సీలు పడుతుంది, ఆయనతోపాటు మేమూ రోడ్డున పడతాం. ఆయన చెప్పమన్న మాటే చెబితే మిషన్లు ముక్కలవుతాయి. ఆ మనిషి మాట వినడం వల్ల నాకు లాభం కలిగిన రోజు నా బతుకులో అదొక్కటే. ఎందుకు వదులుకుంటాను?

లేచి నిలబడి చేతులు కొంగుకి తుడుచుకున్నాను.

"ఓలమ్మా, తుక్కు కాపోతే ఏటమ్మా అది!" అన్నాను. "మీరు పైన రంగు సూసి మోసపోకండి. లోపల అంతా తుప్పే. మోటారేదీ, ఏదీ? మోటారు నేకుండా తిరుగుతాదేటి? మేం ఎప్పుడూ సూడనేదు. అటూ ఇటూ ఎల్లినప్పుడల్లా దెబ్బలు తగిలించుకుంతన్నాం, బేగి ఫర్నేసుకి పంపించీండి బాబూ అని మేమే మొత్తుకుంతన్నాం."

"నీకేటి తెలుసే గౌరీ!" అని అరిచాడు చంద్రమౌళి బాబు. "కొంచెం రిపేరు సేత్తే..."

సుష్మ గారు చటుక్కున వెనక్కి తిరిగింది. "రిపేరు చేస్తే? చెప్పండి, రిపేరు చేస్తే ఏమవుతుంది?"

"ఏటీ నేదండి."

"మా బాబు నోటమ్మట అబద్దం రాదమ్మా," అంది పెద్దతల్లి బల్ల దగ్గర్నుంచే. "తుక్కన్నాడంటే తుక్కే."

గ్యాసు కట్టరు వచ్చేసరికి పన్నెండు దాటింది. వాడు కోటబొమ్మాళి నుంచి వచ్చి ఇక్కడ కొట్టు పెట్టుకున్న అప్పలసూరి, వరసకి నాకు మరిది. సిలిండరు దింపి, మిషను చూసి, నోరు తెరిచాడు.

"వదినా, మొన్న దీన్నే కదా ఫోనులో..."

"నువ్వొచ్చిన పని సూసుకోరా," అన్నాను. వాడికి అర్థమైపోయింది. చెప్పులు విడిచి, మిషనుని తాకి కళ్ళకద్దుకుని, "తప్పు కాయి తల్లీ," అని మంట ముట్టించాడు. కత్తులున్న భాగం, ఇరుసు, చట్రం ఎక్కడెక్కడ కోయాలో సుష్మ గారే దగ్గరుండి చూపించింది. మళ్ళీ అతికించడానికి వీల్లేకుండా కోయమంది. మోటార్లు అడిగింది గానీ అవి తుక్కుతో రాలేదని చంద్రమౌళి బాబు ప్రమాణం చేశాడు. అబద్ధమే, అయితే ఇప్పుడా మోటార్లు ఆయన నెత్తిన పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరావు.

మేం పని ఆపి చూశాం. ఎందుకు దాచాలి, నాకు చాలా సంతోషమేసింది. నిప్పురవ్వలు ఎగురుతుంటే ఎవరి చూపూ కదల్లేదు. మనోహర్ ఒక మూల కుర్చీలో కూలబడి, "వియత్నాంలో నేనే స్వయంగా తిప్పి చూశాను," అని ముక్కు ఎగపీల్చుకుంటున్నాడు. తండ్రి వచ్చి ఆ నోరు మూయించాల్సి వచ్చింది. ఎదిగిన మగాడు ఏడిస్తే జాలి పడాలంటారు. నాకు జాలి రాలేదు. శనివారం మేం ఏడ్చుకుంటూ గేటు దాటుతుంటే వాడు ఫోను నుంచి తలెత్తలేదు.

ముక్కలన్నీ ఫోటోలు తీసుకుని, కాగితాల మీద తండ్రీకొడుకుల సంతకాలు తీసుకుని, అధికారులు సాయంత్రానికి వెళ్ళిపోయారు.

కారు గేటు దాటిందో లేదో చంద్రమౌళి బాబు నా మీదికి వచ్చాడు. "ఎందుకలా సెప్పినావే? ఎందుకు సెప్పినావు?"

"మీరు సెప్పమన్నదే కదా బాబూ సెప్పాను," అన్నాను.

"వచ్చే ఏడు సుంకం కట్టి కొత్తవే తెప్పిత్తాను. అప్పుడు సూత్తాను మీ సంగతి!"

తెప్పిస్తాడు. నాకు తెలుసు. ఆ భయం నాకు ఇప్పటికీ పోలేదు, రాత్రి నా కూతురు పుస్తకం మూసి పడుకున్నాక అదే తలపు. కానీ ఆరోజు ఆయన వెనకాల ఆరబోసే కళ్ళంలో మిషన్ల కోసమని ఉడకబెట్టించిన పిక్కలు కొండలా పడి ఉన్నాయి. కొట్టకుండా వదిలేస్తే లోపలి పప్పంతా రంగు మారి పాడైపోతుంది. ఆ సంగతి ఆయనకీ అప్పుడే గుర్తొచ్చినట్టుంది. గొంతు మారింది.

"సర్లే, జరిగిందేదో జరిగింది. కూకోండి, కూకోండి. ఆ పిక్కలు మొదలెట్టండి."

నేను కూర్చోలేదు. నన్ను చూసి మిగతావాళ్ళూ కూర్చోలేదు.

"శనివారం పన్లోంచి తీసేసినారు కదా బాబూ మమ్మల్ని," అన్నాను. "మళ్ళీ పన్లోకి తీసుకుంతన్నానని అందరి ముందూ సెప్పండి. అప్పుడు కూకుంతాం."

ఆయన మొహం కందగడ్డయింది. చుట్టూ చూశాడు. కొడుకున్నాడు, అప్పలసూరి ఉన్నాడు, గేటు దగ్గర ఆటోవాళ్ళున్నారు. పిక్కల కుప్ప వైపు చూశాడు. తర్వాత నేల చూపులు చూస్తూ, "తీసుకుంతన్నాను," అని గొణిగాడు.

పెద్దతల్లికి చెవుడు లేదు. సుమ్మాదేవిలో రైలు కూస్తే మా ఊళ్ళో పడుకుని ఏ బండో చెప్పేస్తుంది. అది చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఇనబడనేదు బాబూ," అంది.

"కటింగు ఆడోళ్ళందర్నీ పన్లోకి తీసుకుంతన్నాను!"

"ఇంకా ఇనబడనేదు బాబూ."

మూడోసారి ఆయన అరిచిన అరుపుకి గేటు బయట ఉన్న ఆటోవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. అప్పుడు పెద్దతల్లి, నేను, మిగతా అందరం చేతులకి ఆముదం రాసుకుని కూర్చున్నాం.